బీట్‌రూట్ లోపల నల్ల మచ్చ, మల్బరీ కొసన పసుపు

పోయిన వారం మన గ్రూపులోకి మూడు ఫోటోలు వచ్చినాయి. ఒకటి బాగేపల్లి వైపు నుంచి, మల్బరీ కొస ఆకులు పసుపు పడినవి. రెండోది చింతామణి వైపు నుంచి, నడిమికి కోసిన బీట్‌రూట్, లోపల నల్ల మచ్చలు. మూడోది చిక్కబళ్ళాపురం దగ్గర నుంచి, రెండు కాళ్ళు చీలిన క్యారెట్. మూడింటి కిందా ఒకటే ప్రశ్న: "ఏ మైక్రో న్యూట్రియంట్ కొట్టాలన్నా?"

మూడింటికీ జవాబు ఒకటి కాదు. మూడో ఫోటోకైతే ఏ మైక్రో న్యూట్రియంటూ జవాబు కాదు. అందుకని ఈ వారం పాఠం దీని మీదే పెట్టినాను. రేష్మె గ్రూపులో బీట్‌రూట్, క్యారెట్ సంగతి ఎందుకు అంటారేమో. మనలో సగం మందికి తోట పక్కన పదో ఇరవయ్యో గుంటలు దుంప పంట ఉంటుంది. ఉర్లగడ్డ, బీట్‌రూట్, క్యారెట్, ముల్లంగి. మందు కొట్టే పంపు రెండింటికీ ఒకటే. అసలు తంటా అక్కడే వస్తుంది.

ముందు నా సంగతి చెప్తాను. నాకు ఎకరం పది గుంటల వి-1 తోట ఉంది. దాని పక్కన ఇరవై గుంటల ముక్క. గూళ్ళ రేటు పడినప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడాలని అందులో బీట్‌రూట్ పెట్టినాను. పైన చూస్తే పైరు బ్రహ్మాండం. గడ్డ సైజు బాగుంది, రంగు బాగుంది. మార్కెట్లో వ్యాపారి ఒక గడ్డ తీసి కత్తితో కోసినాడు. లోపల నల్లగా, బెరడు మాదిరి గట్టిగా మచ్చలు. ఇంకోటి కోసినాడు, అదే కథ. మూడోది కోయలేదు, పక్కకు జరగమన్నాడు. మూటలు వెనక్కి తెచ్చి ఆవులకు వేసినాము.

నేనేమీ వేయకుండా వదల్లేదు. యాభై రోజుల పైరుకి అంగట్లో ఇచ్చిన మైక్రో న్యూట్రియంట్ డబ్బా తెచ్చి రెండు సార్లు కొట్టినాను. తప్పు ఎక్కడ జరిగిందంటే, అప్పటికే గడ్డ ఊరిపోయింది. బోరాన్ లేక లోపల చచ్చిన భాగం చచ్చిపోయింది. ఆకు మీద ఎంత కొట్టినా ఆ నల్ల మచ్చ మళ్ళీ ఎర్రగా మారదు.

*ఎంత తక్కువ అంటే ఎంత?*

మనం యూరియా, డీఏపీ, పొటాష్ మూటల లెక్కలో వేస్తాం. నీటి వసతి ఉన్న వి-1 తోటకి ఏడాదికి ఎకరాకు 140 కిలోల నత్రజని, 56 కిలోల భాస్వరం, 56 కిలోల పొటాష్ అని సిఫారసు. దాన్ని ఐదు పంటలకు పంచి వేస్తాం. దాంతోపాటు ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు.

ఇప్పుడు బోరాన్ చూడండి. దుంప పంటకు ఎకరాకు బోరాక్స్ 4 కిలోలు అంటారు. బోరాక్స్‌లో బోరాన్ పదిన్నర శాతమే. అంటే ఎకరం మొత్తానికి మనం ఇచ్చేది అర కిలో కూడా లేదు, 420 గ్రాములు. జింక్ సల్ఫేట్ 10 కిలోలు వేస్తే అందులో జింక్ రెండు కిలోల పైచిలుకు. ఇంత కొంచెమే కదా అని వదిలేస్తే గడ్డ లోపల నల్లబడుతుంది. ఇంత కొంచెమే కదా, ఇంకో పిడికెడు వేద్దాం అంటే బోరాన్ విషయంలో పైరు అంచులు మాడిపోతాయి. జింక్ కొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటుంది. బోరాన్ ఓర్చుకోదు. చాలడానికీ ఎక్కువ కావడానికీ మధ్య జాగా బాగా తక్కువ. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

బీట్‌రూట్‌కి బోరాన్ అంత ఎందుకంటే, కొత్తగా పుట్టే కణాల గోడ గట్టిపడాలంటే అది కావాలి. గడ్డ ఊరేది కొత్త కణాలతోనే. పైగా బీట్‌రూట్‌లో బోరాన్ ఒకసారి ముదురు ఆకులోకి పోయిందంటే అక్కడే కూర్చుంటుంది, లేత భాగానికి గానీ గడ్డకు గానీ సరిగా దిగిరాదు. యూరియా మాదిరి కాదు. అందుకే వేర్ల నుంచి రోజూ కొంచెం కొంచెం అందుతా ఉండాలి. యూరప్‌లో చక్కెర బీట్ రైతులు ఈ కుళ్ళుతో ఏళ్ళ తరబడి నష్టపోయి, ఏదో తెగులు అనుకున్నారు. అది తెగులు కాదు, బోరాన్ లోపం అని బ్రాండెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1931లో తేల్చినాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1923లో, మొక్కకు బోరాన్ తప్పనిసరి అని ఇంగ్లండులో కేథరిన్ వారింగ్టన్ అనే ఆవిడ చిక్కుడు జాతి మొక్కల మీద చూపించింది. మనకు ఇంకా "తెగులు మందు ఏది కొట్టాలన్నా" అనే ఫోన్లు వస్తానే ఉన్నాయి.

*మన నేలలో ఏం తక్కువ?*

మనవి ఎక్కువగా ఎర్ర నేలలు, ఇసక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఇలాంటి నేలలో బోరాన్ నిలవదు. పెద్ద వాన వస్తే నీళ్ళతో కిందికి దిగిపోతుంది. బాగా ఎండితే ఉన్నది కూడా వేరుకు అందదు. వాన ఎక్కువైనా తంటా, ఎండ ఎక్కువైనా తంటా.

2009లో కర్ణాటక ప్రభుత్వం ఇక్రిశాట్‌తో కలిసి భూచేతన అని మొదలుపెట్టింది, గుర్తుందా? జింక్ సల్ఫేట్, బోరాక్స్, జిప్సం సబ్సిడీలో ఇచ్చినారు. అది ఊరికే ఇచ్చింది కాదు. అంతకు ముందు సుజల జలానయన పథకంలో మన పాత కోలారు జిల్లాతో సహా ఐదు జిల్లాల మట్టి పరీక్ష చేస్తే జింకు, బోరాన్, గంధకం లోటు బయటపడింది. 2007లో మన చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది కానీ నేల మారలేదు కదా. జింక్ సల్ఫేట్, బోరాక్స్ ఇప్పటికీ రైత సంపర్క కేంద్రంలో అడగండి. స్టాకు ఉంటే అంగడి కంటే తక్కువకే పడుతుంది.

ఇనుము సంగతి వేరు. "మా నేల ఎర్రగా ఉందంటేనే ఇనుము ఉందని కదా, మళ్ళీ ఇనుము లోపం ఏంది?" అని ఒకరు అడిగినారు. మంచి ప్రశ్న. ఇనుము ఉంది, తుప్పు రూపంలో ఉంది. తుప్పును మొక్క తాగలేదు. వెయ్యి అడుగుల బోర్లలో వచ్చే సప్ప నీళ్ళు, అదే సున్నపు నీళ్ళు, ఏళ్ళ తరబడి డ్రిప్పులో పెడతా ఉంటే వేరు దగ్గర మట్టి పీహెచ్ పెరిగిపోతుంది. అప్పుడు ఇనుము ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. కాచిన పాత్రలో తెల్ల పొర కట్టే నీళ్ళు మీవైతే, మల్బరీ కొస ఆకు పసుపు, ఈనె మాత్రం పచ్చగా ఉంటే, ఇనుమును అనుమానించండి.

ఇంకో కారణం మన చేతిలోదే. కూరగాయల ముక్కలో పంట పంటకూ డీఏపీ దండిగా వేసి వేసి భాస్వరం పేరుకుపోయి ఉంటుంది. భాస్వరం ఎక్కువైన చోట జింకు మొక్కకు అందదు. అలాంటి చోట జింకు మూట తెచ్చే ముందు డీఏపీ తగ్గించాలి.

మా నాయన ఉన్నప్పుడు బోరాక్స్ అనే పేరే వినలేదు. ఎండాకాలంలో చెరువు మట్టి తోలేవాడు, తిప్ప ఎరువు బండ్లు బండ్లు వేసేవాడు. చిన్న పోషకాలన్నీ అందులోనే వచ్చేవి. ఇప్పుడూ మట్టి దొరికితే తోలండి. కాకపోతే బెంగళూరు నుంచి శుద్ధి చేసిన నీళ్ళు, అదే హెబ్బాళ-నాగవార వ్యాలీ నీళ్ళు, వస్తున్న చెరువుల మట్టిని తోలే ముందు ఒకసారి పరీక్షకు ఇవ్వడం మంచిది.

*ముందు వేరు పీకి చూడండి*

మూడో ఫోటో దగ్గరికి వస్తాం. కాళ్ళు చీలిన క్యారెట్. దీనికి కారణాలు: పచ్చి పేడ వేసి వెంటనే విత్తడం, కింద గట్టి పొర లేదా రాళ్ళు, లేదా వేరు బుడిపెల నెమటోడు. ఫోటో పెద్దది చేసి చూస్తే సన్న వేర్ల మీద పూసల మాదిరి బుడిపెలు కనిపించినాయి. అది నెమటోడు. మన వి-1 తోటల్లో వేరు బుడిపెలు కలిగించే పురుగు అదే. మల్బరీ పీకేసిన చోట క్యారెట్, బీట్‌రూట్, టమాటా పెడితే అదే పురుగు వాటినీ పట్టుకుంటుంది. అక్కడ బోరాక్స్ వేసి లాభం లేదు. బంతి పంట ఒకటి వేసి తీయండి, వేప పిండి వేయండి, ఎండాకాలంలో లోతుగా దున్ని నేలను ఎండనివ్వండి.

మల్బరీలోనూ ఇదే మోసం జరుగుతుంది. తోటలో అక్కడొక గుంపు ఇక్కడొక గుంపు పసుపు పడితే, ఎదుగుదల లేకపోతే, ముందు ఒక మొక్క పక్కన తవ్వి వేరు చూడండి. బుడిపెలు ఉన్నాయా, వేరు బెరడు కుళ్ళి ఊడుతోందా? పోషక లోపమైతే సాధారణంగా మడి మొత్తం ఒకే రకంగా కనిపిస్తుంది, మచ్చలు మచ్చలుగా రాదు.

ఇక కొస ముడుచుకోవడం. కొస ఆకులు ముద్ద కట్టి, ముదురు పచ్చగా ముడతలు పడి, కొమ్మ మెడ లావయితే అది తుక్రా, పిండి నల్లి పని. విప్పి చూస్తే లోపల తెల్ల పిండి ఉంటుంది. దానికి బోరాన్ కొట్టేవాళ్ళు ఉన్నారు. కొసలు తుంచి కాల్చేయడం దానికి మొదటి మందు. తామర పురుగు, నల్లి పట్టినా ఆకు ముడుచుకుంటుంది. బోరాన్ లోపంలో ఆకు పెళుసు అవుతుంది, కొస మొగ్గ చచ్చిపోతుంది, పిండి ఉండదు.

నిజంగా లోపమే అయితే గుర్తులు ఇలా ఉంటాయి. పసుపు లేత ఆకులో మొదలై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము. లేత ఆకు ఈనెతో సహా మొత్తం లేత పసుపు అయితే గంధకం. ఆకు చిన్నదై, సన్నబడి, కణుపులు దగ్గర దగ్గరగా వచ్చి గుత్తి మాదిరి ఉంటే జింకు. కింది ముదురు ఆకులో ఈనెల మధ్య పసుపు అయితే మెగ్నీషియం. అన్ని ఆకులూ కింది నుంచి పాలిపోతే అది నత్రజని, దానికి ఖరీదైన డబ్బా అవసరం లేదు. క్యారెట్ పగలడం మాత్రం ఒక్క బోరాన్ వల్లే కాదు. వారం ఎండబెట్టి ఒకేసారి మడి నిండా నీళ్ళు పెట్టినా పగులుతుంది.

*కార్డు ఎలా చదవాలి*

మట్టి ఆరోగ్య కార్డు 2015 నుంచి ఇస్తున్నారు. అందులో పన్నెండు వివరాలు ఉంటాయి. చాలామంది ఎన్‌పీకే దాకా చూసి మడిచి బీరువాలో పెడతారు. కింద వరుసలు చూడండి. జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే లోటు. ఇనుము 4.5 కంటే, మాంగనీసు 2 కంటే, రాగి 0.2 కంటే, బోరాన్ 0.5 కంటే తక్కువ ఉంటే లోటు. సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువ ఉంటే ముందు ఎరువు వేయండి, మిగతావి తర్వాత.

కార్డు మీ పొలం మట్టిదే కావాలి. పక్క సర్వే నంబరు మట్టితో వచ్చిన కార్డు మీద నమ్మకం పెట్టుకోకండి. మట్టి మీరే తీసి ఇవ్వండి. మడికి ఎనిమిది, పది చోట్ల తీయాలి. కూరగాయలకు అర అడుగు లోతు, మల్బరీకి అడుగు లోతు. గట్టు పక్కన, తిప్ప పక్కన, చెట్టు కింద తీయకూడదు. తుప్పు పట్టిన పార, జింకు పూత ఉన్న బకెట్టు వాడితే లెక్క తప్పు వస్తుంది, ఎందుకంటే మనం కొలిచేదే జింకు, ఇనుము. కర్రతో గానీ ప్లాస్టిక్ మగ్గుతో గానీ తీసి, ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తా పోయి అర కిలో మిగిల్చండి. నీడలో ఆరబెట్టండి. పాత యూరియా సంచిలో పొయ్యొద్దు. చింతామణి దగ్గర కురుబూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడే రేష్మె కాలేజీ కూడా. మట్టి ఇవ్వడానికి పోయినప్పుడు ఒక మల్బరీ కొమ్మ, ఒక గడ్డ వేర్లతో సహా తీసుకుపోండి. నోటి మాట కంటే అది మేలు.

*దుంప పంటకు వేసే పద్ధతి*

మొదటి పద్ధతి, నా లెక్కలో అన్నిటికంటే మంచిది, విత్తే ముందు మట్టిలో వేయడం. కార్డులో బోరాన్ తక్కువ అని ఉంటే ఎకరాకు 4 కిలోల బోరాక్స్. పది గుంటలకు 1 కిలో. ఒక కిలోను పది గుంటల్లో సమానంగా చల్లడం ఎవరి చేతా కాదు. ఒక చోట ఎక్కువ పడి మొలక మాడుతుంది. అందుకని జల్లెడ పట్టిన 25 కిలోల మాగిన ఎరువులో బాగా కలిపి, ఆ ఎరువును రెండు భాగాలు చేసి, ఒక భాగం నిలువుగా, ఇంకో భాగం అడ్డంగా చల్లండి. తర్వాత కలియదున్నండి. విత్తనం మీద నేరుగా పడకూడదు.

ఇది ఏడాదికి ఒకసారే. పంట పంటకూ కాదు. మన దగ్గర బీట్‌రూట్ తర్వాత బీన్స్ వేయడం మామూలు. బీట్‌రూట్ బోరాన్‌ను తట్టుకుంటుంది, బీన్స్ అసలు తట్టుకోదు. బీట్‌రూట్‌కి రెండింతలు వేసి గడ్డ బాగా తీసినవాళ్ళు, తర్వాత బీన్స్ ఆకుల అంచులు మాడిపోతే కారణం తెలియక తిరుగుతుంటారు.

జింకు తక్కువ ఉంటే ఎకరాకు జింక్ సల్ఫేట్ 10 కిలోలు, పది గుంటలకు రెండున్నర కిలోలు. దీన్ని డీఏపీతో, సూపర్ ఫాస్ఫేట్‌తో కలపకండి. కలిపితే రెండూ బిగుసుకుని రెండూ వృథా. మూడు నాలుగు రోజులు ఎడం ఇవ్వండి. మూట మీద జింకు ఎంత శాతం అని చూసి కొనండి. 21 శాతం ఉన్నది ఒక రకం, 33 శాతం ఉన్నది ఇంకో రకం. 33 శాతం రకమైతే ఎకరాకు ఆరు, ఏడు కిలోలు చాలు.

రెండో పద్ధతి ఆకు మీద పిచికారీ. కింద వేయడం మర్చిపోయినప్పుడు, లేదా పైరు మధ్యలో గుర్తులు కనిపించినప్పుడు. సమయమే ముఖ్యం. బీట్‌రూట్, క్యారెట్‌కి 25, 30 రోజుల మధ్య ఒకసారి, 40, 45 రోజుల మధ్య ఇంకోసారి, అంటే గడ్డ ఊరడం మొదలయ్యే లోపల. నేను చేసినట్టు యాభై దాటినాక కాదు. ముల్లంగికి అంత సమయమే లేదు, నలభై రోజుల్లో పీకేస్తాం, కాబట్టి దానికి కింద వేయడం ఒక్కటే దారి.

15 లీటర్ల పంపు లెక్క చెప్తాను. బోరాన్‌కి, 20 శాతం బోరాన్ ఉండి నీళ్ళలో కరిగే రకం 15 గ్రాములు. జింకుకి, జింక్ సల్ఫేట్ 75 గ్రాములు, దానికి సగం, అంటే 35, 40 గ్రాముల సున్నం. సున్నాన్ని ముందు రోజు రాత్రి నానబెట్టి పైన తేరిన నీళ్ళు మాత్రమే వాడండి. సున్నం లేకుండా కొడితే ఆకు మాడుతుంది. ఇనుముకి అన్నభేది 75 గ్రాములు, నిమ్మ ఉప్పు 15 గ్రాములు, కలిపిన వెంటనే కొట్టాలి, నిలవ ఉంచితే ఎర్రగా పేరుకుంటుంది. సాయంత్రం కొట్టండి. మూడింటినీ ఒకే ట్యాంకులో కలపకండి.

హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు కూరగాయలకని తయారు చేసిన వెజిటబుల్ స్పెషల్ పొడి ఉంది. అన్నీ కలిసి వస్తాయి కాబట్టి కార్డు లేనివాళ్ళకు అది సులువు. మోతాదు పంటను బట్టి ప్యాకెట్టు మీద ఉంటుంది. మన సప్ప నీళ్ళకు నిమ్మరసం పిండి, ఒక షాంపూ ప్యాకెట్టు కలపమని వాళ్ళే చెప్తారు. షాంపూ ఎందుకంటే బీట్‌రూట్ ఆకు నున్నగా ఉంటుంది, నీళ్ళు జారిపోకుండా పరుచుకోవడానికి. ఇది కూరగాయలకు చెప్పిన మాట. మల్బరీ ఆకు మీద షాంపూ నేను కొట్టను, మీరూ కొట్టకండి.

డ్రిప్పులో ఇచ్చేవాళ్ళకు ఒక మాట. బోరాక్స్ చల్ల నీళ్ళలో తొందరగా కరగదు, ఫిల్టరుకు అడ్డం పడుతుంది. నీళ్ళలో కరిగే రకమే వాడండి. సప్ప నీళ్ళలో అన్నభేది వేస్తే తుప్పు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. జింక్ సల్ఫేట్‌ను 12-61-0 తో ఒకే రోజు పంపొద్దు.

ఉర్లగడ్డకు మాత్రం ఇంకో జాగ్రత్త. పీహెచ్ సరి చేస్తామని నేలలో సున్నం వేసి వెంటనే ఉర్లగడ్డ పెడితే తోలు మీద గజ్జి మచ్చలు ఎక్కువ వస్తాయి.

*మల్బరీకి*

మల్బరీకి మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థవాళ్ళ పోషణ్ ఉంది. మల్బరీ కోసమే చేసిన పోషకాల ద్రావణం. మోతాదు సీసా మీద రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు. కత్తిరింపు అయిన 20, 25 రోజులకు, ఆకు విప్పుకుని ఒళ్ళు పట్టినప్పుడు కొట్టాలి. మనం కొమ్మ కోసేది 60 రోజుల పైనే కాబట్టి మధ్యలో ముప్పై రోజులకు పైగా ఎడం దొరుకుతుంది. పురుగులకు ఆకు కోస్తున్న మడిలో ఏదీ కొట్టకూడదు, పోషకమైనా సరే.

కొత్తగా నాటిన జంట సాళ్ళ తోటలో, మధ్య ఐదు అడుగుల జాగాలో మొదటి మూడు నెలలు ముల్లంగి, బీట్‌రూట్ పెట్టుకోవచ్చు. ఆ పైరుకి పురుగు మందు కొట్టనంటేనే పెట్టండి. ముదురు తోటలో వద్దు, గడ్డ తవ్వితే మల్బరీ వేరు తెగుతుంది.

*పంపు సంగతి*

ఇది చెప్పడానికి నాకు మనసు ఒప్పదు, కానీ చెప్పకపోతే పాఠం సగమే. బీట్‌రూట్ పోయిన ఏడాదే, తర్వాతి కత్తిరింపుకు మల్బరీ ఆకు లేతగా పాలిపోతే పోషక ద్రావణం కొట్టినాను. ఆలస్యంగా, నలభై ఐదో రోజు. పంపు ఇంట్లోదే. దాంతోనే రెండు వారాల ముందు పక్క ముక్క టమాటాకి పురుగు మందు కొట్టి ఉన్నాం. ఒకసారి నీళ్ళతో తొలిచినాం, అంతే. చాకీ సెంటరు నుంచి తెచ్చిన నూటయాభై గుడ్ల పంట. మూడో జ్వరం లేచేదాకా వేరే మడి ఆకు పెట్టినాం, ఏమీ కాలేదు. జ్వరం లేచి ఈ మడి ఆకు వేసిన సాయంత్రానికి పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఆడించడం మొదలుపెట్టినాయి. నోటి నుంచి పచ్చ నీళ్ళు. పొద్దున్నకు ఒళ్ళు ముడుచుకుని పొట్టిగా అయిపోయినాయి. మా ఆవిడ తట్టల్లో ఎత్తి గుంతలో వేస్తా ఉంటే నేను షెడ్డులోకి పోలేకపోయినాను. అందరూ ముందు పోషక ద్రావణాన్నే తిట్టినారు, నేను కూడా. అదే సీసాలో మిగిలింది మా తమ్ముడు కొత్త పంపుతో, ఇరవై రెండో రోజుకే వాళ్ళ తోటకు కొట్టినాడు, వాళ్ళ పంటకు ఏమీ కాలేదు.

టమాటా, క్యాబేజీకి ఇప్పుడు కొడుతున్న కొత్త తరం మందులు, ముఖ్యంగా క్లోరాంట్రానిలిప్రోల్ రకం, పట్టు పురుగుకు చుక్కలో చుక్క చాలు. వాసన ఉండదు, కాబట్టి ముక్కుతో తెలియదు. గాలికి పక్క మడి నుంచి కొట్టుకొచ్చినా పని అయిపోతుంది. అందుకని మల్బరీకి పంపు వేరే పెట్టుకోండి. ట్యాంకు, గొట్టం, నాజిల్, మగ్గు, కలిపే కర్రతో సహా అన్నీ వేరే. ఎర్ర రంగుతో దాని మీద "ఆకు" అని రాయండి. అద్దె పంపు, బాడుగ మనిషి తెచ్చే పంపు మల్బరీలోకి రానివ్వొద్దు. రెండో పంపు కొనడానికి ఇంకా కుదరనివాళ్ళు ఆకు మీద కొట్టడం మానేసి, జింకు, బోరాన్ కత్తిరింపు అయినాక మట్టిలోనే ఎరువుతో కలిపి వేయండి.

అంగట్లో "గ్రోత్ టానిక్" అని పేరు రాసి, లోపల ఏముందో రాయని సీసాలు వస్తాయి. ఏ పోషకం ఎంత శాతం అని లేబుల్ మీద లేకపోతే మల్బరీ దగ్గరికి తేవొద్దు. కొత్త సీసా ఏది కొట్టినా, కోత ముందు పదిహేను ఇరవై పురుగులను వేరే తట్టలో పెట్టి ఆ ఆకు వేసి ఒక రోజంతా చూడండి. వాటికి ఏమీ కాకపోతే మిగతావాటికి వేయండి.

*ఒక సాలు వదలండి*

ఈ సారి ఏది వేసినా, బీట్‌రూట్‌లో గానీ మల్బరీలో గానీ, ఒక్క సాలు వేయకుండా వదిలేయండి. రెండు చివర్లా కర్ర నాటండి. కోతప్పుడు వేసిన సాలు నుంచి పది గడ్డలు, వదిలిన సాలు నుంచి పది గడ్డలు కోసి లోపల చూడండి. మల్బరీ అయితే రెండు సాళ్ళ కొమ్మలు కట్టి విడివిడిగా తూకం వేయండి. తేడా లేకపోతే మీ నేలకు అది అక్కర్లేదు, మరుసటి ఏడాది ఆ డబ్బు మిగులుతుంది. నేను పోయిన పంటకు బోరాక్స్ కింద వేసి ఒక సాలు వదిలినాను. వదిలిన సాల్లో పదింటిలో ఆరు లోపల నల్లగా వచ్చినాయి, వేసిన సాళ్ళలో ఒకటి. ఆ ఒకటి ఎందుకు వచ్చిందో చూస్తే మడి చివర, ఎరువు చేయి అందని మూల.

బాగేపల్లి ఫోటో పెట్టిన అన్నకు: మీ ఆకులో ఈనె పచ్చగా ఉంది, లేత ఆకులోనే పసుపు ఉంది. ఇనుము అనుకుంటున్నాను, కానీ ఒక మొక్క వేరు తవ్వి ఫోటో పెట్టండి, మీ బోరు నీళ్ళ పీహెచ్ కూడా చెప్పండి. కార్డు ఉన్నవాళ్ళు దాని కింది భాగం, జింకు నుంచి బోరాన్ దాకా కనిపించేటట్టు ఫోటో తీసి ఆదివారం లోపల గ్రూపులో పెట్టండి. పేరు, సర్వే నంబరు వేలితో మూసి తీయండి. ఒక్కొక్కటీ చూసి పంటను బట్టి రాస్తాను.